పైన పటారం... లోన తుప్పు

పాత పికప్ డోరు కింద రంగు ఉబ్బిందంటే ఆ రేకు వెనక వైపు అప్పటికే తినేసి ఉంటుంది. బండిని లోపలి నుంచి గుల్ల చేసే ఈ తుప్పును ఆపడం కష్టమైన పనేమీ కాదు. కాకపోతే మనం పని మొదలుపెట్టే చోటే తప్పు.

కాకినాడ చేపల రేవు దగ్గరో, భీమవరం రొయ్యల చెరువు గట్టు మీదో పదేళ్లు తిరిగిన పికప్‌ను నింపాదిగా చూడండి. ఎండకు వెలిసిన తెల్ల రంగు, అద్దం ముందు నిమ్మకాయలు మిరపకాయలు, వెనక పలక మీద పిల్లల పేర్లు. దూరం నుంచి బండి దిట్టంగానే ఉంటుంది. దగ్గరికెళ్లి కింద కూర్చుని డోరు అడుగు అంచు వెంట వేలు పోనిస్తే సంగతి తెలుస్తుంది. ఒకచోట రంగు ఉబ్బి ఉంటుంది. గోరుతో నొక్కితే పెళ్ల ఊడి గోధుమరంగు పొడి రాలుతుంది. స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే చాలు, లోపలికి దిగిపోతుంది.

టింకరింగ్ షెడ్డులో దీనికి జరిగే వైద్యం తెలిసిందే. గ్రైండర్‌తో గీకుతారు, కొత్త షీటు ముక్క కోసి గ్యాస్ వెల్డింగ్ పెడతారు, లప్పం పట్టించి ఎమెరీ పేపరుతో నునుపు చేసి రంగు కొడతారు. బండి మెరుస్తూ బయటికొస్తుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి అదే చోట మళ్లీ ఉబ్బు. ఓనరు మేస్త్రీని తిట్టుకుంటాడు, మేస్త్రి సముద్రపు గాలిని తిడతాడు. అంతా అయ్యాక కూడా ఆ రేకు వెనక వైపు ఏముందో ఎవరూ చూడరు. తుప్పు పుట్టింది అక్కడే. మనకు కనిపించింది అది బయటికొచ్చిన చోటు మాత్రమే.

కంటికి కనపడని గదులు

పికప్ బాడీ ఒకే రేకుతో తయారవదు. పలచని ఉక్కు రేకులను వంచి, రెండేసి మూడేసి చొప్పున అంచులు కలిపి స్పాట్ వెల్డింగ్ చేస్తారు. రేకు మందం చాలాచోట్ల మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ పలచని రేకుకు బలం రావడానికే దాన్ని పెట్టెలా మడుస్తారు. కాలు పెట్టి ఎక్కే ఫుట్‌బోర్డు కింది గడప, ముందు అద్దానికి రెండు పక్కలా లేచే స్తంభాలు, డోరు లోపలి భాగం, క్యాబిన్ వెనక మూలలు, బానెట్ అడుగున వేసిన దూలాలు, వెనక తలుపు మడత... ఇవన్నీ లోపల ఖాళీగా ఉండే గదులే. చాలా మోడళ్లలో ఛాసిస్ పట్టీలు, అడ్డ దూలాలు కూడా డబ్బా ఆకారంలోనే ఉంటాయి.

ఈ గదుల్లోకి నీళ్లు రాకుండా చేయడం తయారీదారుకు కూడా సాధ్యం కాదు. అందుకే రానిచ్చి పంపించే ఏర్పాటు చేస్తారు. డోరునే తీసుకోండి. అద్దం మీద పడ్డ వాన రబ్బరు బీడింగ్ సందులోంచి డోరు కడుపులోకే దిగుతుంది. అది మామూలే. అడుగున రెండు మూడు చిన్న చీలికలు ఉంటాయి, నీళ్లు వాటిలోంచి కారిపోవాలి. గడపకూ, స్తంభాలకూ, వైపర్ల కింద ఉండే పళ్లేనికీ ఇలాంటి తూములే ఉంటాయి.

ఆ తూము మూసుకుపోయిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. చింతచెట్టు నీడ చల్లగా ఉంటుందని రోజూ బండి అక్కడే పెడితే రాలిన చిన్న చిన్న ఆకులు వైపర్ల కింద చేరతాయి. నలిగి బురదై తూముకు బిరడా వేస్తాయి. నిండిన నీళ్లు స్తంభం అడుగుకు పాకుతాయి. చెరువు గట్టు మీద టైరు చిమ్మిన ఒండ్రుమట్టి మడ్‌గార్డు వెనక మడతలో పేరుకుని గట్టిపడుతుంది. పైకి ఆరినట్టే ఉంటుంది. వేలితో పెల్లగిస్తే లోపల తడి. ఆ తడి వానాకాలంలోనే కాదు, సంక్రాంతి నాటికీ అలాగే ఉంటుంది.

ఉప్పు చేసే పని

ఇనుము తుప్పు పట్టాలంటే నీరూ కావాలి, ఆక్సిజనూ కావాలి. రెంటిలో ఒకటి లేకపోయినా తుప్పు లేదు. నీటికి ఉప్పు తోడైతే ఆ నీరు కరెంటును బాగా మోస్తుంది. తుప్పు పట్టడం లోహంలో జరిగే విద్యుత్ రసాయన చర్య కాబట్టి వేగం పెరుగుతుంది. పైగా పుట్టిన తుప్పు గుల్లగా, తినేసిన ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తూ ఉబ్బుతుంది. రెండు రేకుల అతుకు మధ్య పుడితే ఆ రేకులను విడదీస్తుంది. అలా తెరుచుకున్న సందులోకి మరింత నీరు చేరుతుంది.

సందుల్లో ఇంకో చిత్రం ఉంది. గాలి బాగా ఆడే చోటు, గాలి సరిగా ఆడని చోటు ఒకే తడిలో పక్కపక్కన ఉంటే గాలి ఆడని చోటే ముందు కరుగుతుంది. కంటికి కనిపించే రేకు బాగుండగా అతుకు లోపల, మట్టి కింద, మ్యాట్ కింద తినేయడానికి కారణం ఇదే.

మన తీరంలో వాన పడకపోయినా తడి తప్పదు. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీలకు చల్లబడితే మంచు పడుతుంది. రాత్రి ఆరుబయట నిలిపిన బండి రేకు అంత చల్లబడటం పెద్ద విషయం కాదు. పొద్దున్నే పైకప్పు మీద మంచును గుడ్డతో తుడుస్తాం. గడప లోపల పట్టిన మంచును తుడిచేవారెవరు?

సముద్రపు ఉప్పులో మనం కూరలో వేసే సోడియం క్లోరైడ్ ఒక్కటే ఉండదు. మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. గాలిలో తేమ మూడో వంతు ఉన్నా చాలు, అది నీటిని పీల్చి చెమ్మగిల్లుతుంది. అంటే ఉప్పు గాలి సోకిన గది ఆంధ్ర తీరంలో పూర్తిగా ఆరే రోజు దాదాపు ఉండదు. వాతావరణాన్ని బట్టి లోహాలు ఎంత తరిగిపోతాయో చెప్పే ఐఎస్ఓ 9223 ప్రమాణం ప్రదేశాలను సీ1 నుంచి సీఎక్స్ దాకా వర్గాలుగా విడదీస్తుంది. సీ5 వర్గంలో పూత లేని మామూలు ఉక్కు మొదటి ఏడాదిలోనే 80 నుంచి 200 మైక్రాన్లు తరుగుతుంది. డోరు రేకు మందం 800 మైక్రాన్లు అనుకుంటే మిగతా లెక్క మీరే వేసుకోవచ్చు.

రేవు దగ్గర తిరిగే బండికి ఇది గాలితో పోయేది కాదు. చేపల ట్రేల నుంచి కారే ఐసు నీళ్లు, నౌపడా, చినగంజాం ఉప్పు మళ్ల దగ్గర ఎత్తే బస్తాల పొడి నేరుగా బాడీలోకి చేరతాయి. సముద్రం మొహం చూడని మెట్ట ఊరి బండికీ తప్పించుకునే దారి లేదు. పొలానికి మోసే పొటాష్ ఎరువు కూడా క్లోరైడే. చినిగిన బస్తాలోంచి రాలిన గింజలు ట్రాలీ మూలల్లో చేరి మొదటి వానకు కరుగుతాయి.

ఢిల్లీ స్తంభం ఏం చెబుతోంది

మాట తుప్పు మీదికి రాగానే ఎవరో ఒకరు ఢిల్లీ మెహ్రౌలీ ఇనుప స్తంభం ఊసెత్తుతారు. దాదాపు 1600 ఏళ్లుగా ఎండకూ వానకూ నిలబడింది కదా అంటారు. నిజమే. ఐఐటీ కాన్పూర్ ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణ్యం చేసిన పరిశోధనలు దానికి కారణం చూపాయి. ఆ ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ. దానివల్ల పైన పలచని రక్షణ పొర ఏర్పడింది. తడిసి ఆరడం అనే చక్రం తిరుగుతూ ఉండటం ఆ పొరకు మేలు చేసింది. అయితే తవ్వి చూసినప్పుడు మట్టిలో పాతిన భాగం మాత్రం తుప్పు పట్టి ఉంది. గాలి తగిలి ఆరిన ఇనుము నిలిచింది. చీకట్లో చెమ్మలో ఉన్న అదే ఇనుము నిలవలేదు. పికప్ గడపకు ఇంతకంటే మంచి పాఠం ఇంకెక్కడా దొరకదు.

ఫ్యాక్టరీ పూతకు మనం పెట్టే బెజ్జం

ఈ గదుల లోపల పూత వేయడం ఎలా అన్న ప్రశ్న కార్ల కంపెనీలను చాలాకాలం వేధించింది. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ శాస్త్రవేత్త జార్జ్ బ్రూవర్ బృందం 1960ల్లో దీనికి ఒక దారి చూపింది. రంగు కలిపిన నీటి తొట్టెలో బాడీ మొత్తాన్ని ముంచి కరెంటు ఇస్తారు. కరెంటు అందిన చోట రంగు పేరుకుంటుంది. పేరుకున్న రంగు కరెంటును అడ్డుకుంటుంది కాబట్టి అది ఇంకా పూత పడని మూలలకు మళ్లుతుంది. 1970ల్లో దీని మెరుగైన రూపం వచ్చింది. ఇవాళ దాదాపు ప్రతి కారూ, పికప్పూ ఈ తొట్టెలో మునిగే వస్తాయి. ఆ పూత మందం 20 మైక్రాన్ల దరిదాపు. మూసిన పెట్టెల లోతుల్లోకి వెళ్లే కొద్దీ కరెంటు బలహీనపడి పూత ఇంకా పలచనవుతుంది.

ఆ కాస్త పూతను మనమే కాల్చేస్తాం. కొత్త బండి రాగానే ముందు గార్డు, పైన క్యారియరు, పక్కన నిచ్చెన, ట్రాలీకి ఎత్తు పెంచే యాంగిళ్లు వెల్డింగ్ చేయిస్తాం. వెల్డింగ్ పెట్టిన చోట పైన రంగు కాలుతుంది, దాన్ని మళ్లీ వేస్తారు. అదే వేడికి రేకు వెనక వైపు పూత కూడా కాలిపోతుంది. గదిలోపల ఉన్న ఆ నల్లటి మచ్చను ఎవరూ చూడరు, ఎవరూ పూయరు. స్పీకర్ల కోసం డోరు విప్పినప్పుడు లోపల అంటించిన ప్లాస్టిక్ షీటును చింపేసి అలాగే వదిలేస్తే, డోరులో దిగాల్సిన నీళ్లు క్యాబిన్‌లోకి వచ్చి మ్యాట్ కింద స్పాంజిలో నిలుస్తాయి. వెల్డింగ్ బదులు బోల్టుతో పనయ్యే చోట బోల్టే మేలు. బెజ్జం వేసిన అంచుకు ప్రైమర్ రాయడం మరిచిపోకూడదు.

ముందు దారి, తర్వాత ఎండ, ఆఖరున మైనం

పాత పికప్‌ను కాపాడే పనికి ఒక వరస ఉంది. ఆ వరస తప్పితే డబ్బు ఖర్చవుతుంది, తుప్పు మాత్రం ఆగదు.

మొదట తూములు తెరవాలి. డోరు అడుగు, గడప కింద, స్తంభాల మొదట్లో, ఛాసిస్ డబ్బా అడుగున ఉన్న ప్రతి బెజ్జాన్నీ వెతికి మెత్తని తీగతో పొడవాలి. తీగ పెట్టిన క్షణాన ఎర్రటి నీళ్లు కారాయంటే ఆ గది ఎన్నాళ్లుగా నిండి ఉందో అర్థమవుతుంది. తర్వాత తక్కువ ఒత్తిడితో నీళ్లు పట్టి లోపలి మట్టిని, ఉప్పును కడగాలి. ఇక్కడ తీరప్రాంతంలో ఒక ప్రమాదం ఉంది. సర్వీసింగ్ షెడ్డులో వాడేది ఉప్పు బోరు నీళ్లయితే కడిగిన ప్రతిసారీ గదిలోకి ఉప్పు ఎక్కిస్తున్నట్టే. చివరి విడత అయినా మంచినీళ్లతో కడిగించాలి.

ఆ తర్వాత ఆరబెట్టాలి. హడావిడిపడే ఓనర్లు ఎగ్గొట్టేది ఈ అడుగునే. తూములు, రబ్బరు మూతలు, డోర్లు అన్నీ తెరిచి, కంప్రెసర్ గాలి పట్టి, రెండు మూడు రోజులు గట్టి ఎండలో వదిలేయాలి. మ్యాట్లు తీసి పక్కన ఆరేయాలి. ఏప్రిల్, మే నెలలు దీనికి అనువు. రేకు వేడెక్కి లోపలి చెమ్మ ఎగిరిపోతుంది, నైరుతి వానలకు ముందే పని పూర్తవుతుంది. ఫోనుకు తగిలించుకునే సన్నటి పాము కెమెరాలు ఇప్పుడు చవకే. ఒకటి లోపలికి పంపితే ఎక్కడ పొట్టు లేచిందో, ఎక్కడ ఇంకా తడి ఉందో తెర మీద కనిపిస్తుంది. దూలాలకు, సస్పెన్షన్ బిగించే చోట్లకు చిల్లులు పడ్డాయని తేలితే పూత పని ఆపి ముందు ఇనుము మార్పించాలి. మైనం చిల్లును పూడ్చదు, బలాన్ని తిరిగి తేదు.

ఇప్పుడు మందు. క్యావిటీ వ్యాక్స్ పేరుతో మైనం, నూనె, తుప్పు నిరోధకాలు కలిసిన ద్రవం డబ్బాల్లో దొరుకుతుంది. గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ జిడ్డుతో చేసేవీ ఉన్నాయి. మంచి సరుకుకు రెండు గుణాలుండాలి. సందుల్లోకి పాకాలి, పాకాక కారిపోకుండా మెత్తటి పొరగా నిలవాలి. ఎండిన పెళ్లలా గట్టిపడితే అదురుకు పగిలి ఆ పగులులో నీరు చేరుతుంది. తుప్పు ఇప్పటికే పట్టిన బండికి ముందు పలచని నూనె రకం, అది ఇంకాక మైనం వేస్తే మంచిది.

కొట్టే తీరు చూడదగ్గది. కంప్రెసర్ గన్నుకు మీటరు పొడవు సన్నటి నైలాన్ గొట్టం ఉంటుంది. దాని కొస చుట్టూ సూది మొనంత బెజ్జాలు. గడప చివర ఉన్న రబ్బరు మూత తీసి గొట్టాన్ని ఆ కొసదాకా తోస్తారు. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని నెమ్మదిగా వెనక్కి లాగుతారు. లోపల మంచులా చిమ్మిన ద్రవం నలువైపులా అంటుకుంటుంది. కాసేపటికి అడుగు తూముల్లోంచి, రేకుల అతుకుల్లోంచి గోధుమరంగు చుక్కలు రాలడం మొదలవుతుంది. అతుకు వెంట తడి గీత బయటికి కనిపించిందంటే మందు సందులోకి దిగినట్టు. ఎక్కడ చుక్క రాలేదో అక్కడికి మళ్లీ గొట్టం పెట్టాలి. కారడం ఆగాక తూముల్లో మళ్లీ తీగ తిప్పాలి. లేకపోతే మందే బిరడా అవుతుంది.

కొన్ని చోట్ల ఇది తగలకూడదు. బ్రేకులు, సైలెన్సర్ గొట్టం, వైరింగ్ కనెక్టర్లు, స్తంభంలో దాగి ఉండే సీటు బెల్టు చుట్ట... వీటిని ముందే కప్పాలి. మైనం కొట్టిన బండికి తర్వాత ఎప్పుడైనా వెల్డింగ్ పడితే మేస్త్రీకి ముందుగా చెప్పి తీరాలి. లోపలి పూత మంట అంటుకునే స్వభావం కలది. ఏటా వానలకు ముందు ఒకసారి కెమెరా పెట్టి చూసి, పలచబడ్డ చోట మళ్లీ కొడితే సరిపోతుంది.

నల్ల కోటింగు, వేస్టాయిలు, ఫోము

మన దగ్గర ఎక్కువ మంది చేయించేది బండి అడుగున నల్లటి రబ్బరు కోటింగు. కొందరు దీన్నే టెఫ్లాన్ కోటింగ్ అంటారు. కొత్త రేకు మీద, శుభ్రంగా ఆరిన రేకు మీద అది రాళ్ల దెబ్బలను కాస్తుంది. పాత తుప్పు మీద, తడి మీద కొడితే మాత్రం తడిని లోపల పెట్టి తాళం వేసినట్టే. పైకి నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది, కింద తినేస్తూ ఉంటుంది. తూముల మీదుగా కొట్టేస్తే ఇక చెప్పేదేముంది? గదుల లోపలికి అది చేరనే చేరదు.

కమాన్ పట్టీలకు, ఛాసిస్‌కు వాడేసిన ఇంజిన్ ఆయిలు కొట్టడం పాత అలవాటు. కొంత పనిచేస్తుంది కూడా. కానీ కాలిన ఆయిల్లో ఆమ్లాలు, లోహపు మలినాలు ఉంటాయి. రబ్బరు బుష్షులను ఉబ్బిస్తుంది. కొట్టేవాడి చర్మానికి, ఊపిరికి మంచిది కాదు. కారినదంతా చెరువులోకో కాలవలోకో పోతుంది. చేపలు మోసే బండికి అంతకంటే తగని పని లేదు. గడపలో ఫోము నింపేస్తే నీళ్లు రావనుకునేవారూ ఉన్నారు. ఫోముకూ రేకుకూ మధ్య వెంట్రుకంత సందు చాలు, దిగిన నీరు మళ్లీ బయటికి రాదు.

డబ్ల్యూడీ-40 సంగతీ చెప్పుకోవాలి. 1953లో శాన్‌డియాగోలోని రాకెట్ కెమికల్ కంపెనీ క్షిపణుల రేకులకు తుప్పు పట్టకుండా తయారు చేసిన ద్రవం అది. తడిని తరమడంలో దిట్ట. దాని పొర పలచన, నెలల తరబడి నిలవదు. బిగిసిన బోల్టుకు వాడుకోండి, గడపకు దాన్ని నమ్ముకోకండి.

పెడన కరక్కాయ, షెడ్డులో కన్వర్టర్

తుప్పును నల్లగా మార్చేస్తుందని అమ్మే రస్ట్ కన్వర్టర్లలో చాలావాటికి ఆధారం టానిక్ ఆమ్లం. ఈ రసాయనం మచిలీపట్నం, పెడన కలంకారీ వారికి కొత్తది కాదు. కరక్కాయలో నానబెట్టిన బట్ట మీద, ఇనుప ముక్కలు, బెల్లం వేసి ఊరబెట్టిన నీళ్లు తగలగానే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి నీటికి కరగని నలుపు పుడుతుంది. కన్వర్టర్ రాసిన తుప్పు నల్లబడటం వెనక ఉన్నదీ ఇదే చర్య. అలాగని ఇంట్లో కరక్కాయ కషాయం కాచి ఛాసిస్‌కు రాయమని కాదు. పొట్టు గీకేసి, కంటి ముందున్న పలచని తుప్పు మీద రాసి, పైన ప్రైమర్, రంగు వేయగలిగితే కన్వర్టర్ పనికొస్తుంది. గీకడానికి చెయ్యి దూరని గదిలో దానికి పని లేదు. అక్కడ మైనమో నూనెనో దిక్కు.

పెద్ద కంపెనీలకూ తప్పలేదు

ఇది పాత బండి పేదవాడి బాధ అనుకోవద్దు. అమెరికాలో మంచు కరిగించడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. టయోటా టకోమా, టండ్రా, సెకోయా బళ్లలో కొన్నేళ్ల మోడళ్ల ఛాసిస్‌లు చిల్లులు పడేంతగా తుప్పు పట్టాయంటూ యజమానులు కోర్టుకెక్కారు. 2016లో కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే రాజీకి వచ్చింది. సుమారు 15 లక్షల బళ్లకు వర్తించిన ఆ రాజీ విలువ 340 కోట్ల డాలర్ల దాకా ఉండొచ్చని లెక్కగట్టారు. డెట్రాయిట్, షికాగో వైపు స్థిరపడిన మనవాళ్లు శీతాకాలం ముందు బండి అడుగున నూనె కొట్టించడం చూసి ముక్కున వేలేసుకునే పని లేదు. వాళ్ల ఉప్పు రోడ్డు మీద నుంచి వస్తుంది, మనది గాలిలోంచీ ట్రేలోంచీ వస్తుంది.

పాత బండి కొనేటప్పుడు

- పలచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని డోరు అడుగున, క్యాబిన్ మూలల్లో పాకించండి. పట్టు జారిన చోట లప్పం ఉంది.
- స్క్రూడ్రైవర్ పిడితో గడపను తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. గుల్ల రేకు మొద్దుగా పలుకుతుంది, లోపల పెళ్లలు రాలే చప్పుడు వినిపిస్తుంది.
- మ్యాట్ ఎత్తి నేల తడిమి చూడండి. అమ్మేవాడు వద్దంటే అదే జవాబు.
- అడుగున కొత్తగా కొట్టిన నల్ల కోటింగు మెరుస్తుంటే సంతోషించకుండా అనుమానించండి.
- డోరు అడుగు తూములు తెరిచి ఉన్నాయో లేదో చూడండి. పాత ఓనరు బండిని ఎలా చూసుకున్నాడో అవి చెబుతాయి.

సరుకు మోసే బండికి ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ తప్పదు. ఆ తేదీ దగ్గరపడ్డాక రంగు కొట్టించే డబ్బులో కొంత, ఆ తేదీకి రెండు నెలల ముందు తూముల మీద, ఎండ మీద, మైనం మీద పెడితే చాలు. ఇంజిన్ ఆయిలు ఏ కిలోమీటరుకు మార్చాలో మన డ్రైవర్లకు కంఠతా వచ్చు. ఇంజిన్ పోతే విప్పి బాగుచేసుకోవచ్చు, లేదంటే మరోటి బిగించుకోవచ్చు. గడపలూ స్తంభాలూ పోయిన క్యాబిన్‌కు అతుకులు వేసుకుంటూ పోవడమే మిగులుతుంది. ప్రమాదంలో డ్రైవరును కాచేది ఆ గడప, ఆ స్తంభమే. కాబట్టి సర్వీసింగ్ పుస్తకంలో ఆయిలు మార్పు పక్కనే ఇంకో వరస రాసుకోండి: వానలకు ముందు తూములు తెరిచాం, ఆరబెట్టాం, మైనం పట్టించాం.